టెంట్‌లో టవర్ దొరకట్లేదా? ఒక్క గీత చాలు

వంజంగి, లంబసింగి, మారేడుమిల్లి, గండికోట. సెమ్ ఎగ్జామ్స్ అయిన మర్నాటి నుంచి మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పేర్లు ఇవే. టెంట్ బుక్ చేసేటప్పుడు అందరం అడిగే ప్రశ్నలు కూడా ఇంచుమించు అవే: తలకి ఎంత, క్యాంప్‌ఫైర్ ఉందా, బాత్రూమ్ ఉందా, సిగ్నల్ వస్తుందా. మొదటి మూడింటికీ సూటిగా జవాబు దొరుకుతుంది. నాలుగోదానికి మాత్రం "వస్తుంది బాబూ, అక్కడక్కడా" అంటారు.

నవ్వొస్తుంది కానీ అది అబద్ధం కాదు. కొండల్లో రేడియో తరంగాల గురించి ఎవరైనా చెప్పగలిగే నిజం అదే. ఈ వ్యాసం ఆ "అక్కడక్కడా" గురించే. ఆ అక్కడ ఎక్కడుంటుంది, దొరికిన కొంచెం సిగ్నల్‌తో ఏ పని అవుతుంది, ఏ పని అవ్వదు అనేది చూద్దాం.

"ట్రిప్‌కి వెళ్ళి కూడా ఫోనేనా?" అని అడిగేవాళ్ళు ఉంటారు. రీల్స్ గురించైతే వాళ్ళ మాటే కరెక్ట్. కానీ మన జీవితంలో చాలా పనులకి ఇప్పుడు ఆఖరి తేదీ ఉంటుంది, ఆ తేదీకి ఒక ఓటీపీ ఉంటుంది. ఇంట్లో అమ్మ "చేరారా" అన్న మాటకి జవాబు కోసం చూస్తుంటుంది. రాత్రి ఎవరికైనా జ్వరం వస్తే ఫోన్ కలవాలి. అందుకే ఇది తెలుసుకోవడం టైమ్ వేస్ట్ కాదు.

గీతలు చెప్పేది సగం నిజమే

ఫోన్ పైన రెండు గీతలు కనిపిస్తుంటాయి. మెసేజ్ మాత్రం గడియారం గుర్తు దగ్గరే ఆగిపోయి ఉంటుంది. అందరికీ అనుభవమే. ఎందుకలా?

ఊళ్ళో జాతర జరుగుతోందనుకోండి. స్టేజి మీద మైకు పట్టుకున్నాయన మాట ఊరి చివరికి కూడా వినిపిస్తుంది. మనం అక్కణ్ణుంచి ఎంత అరిచినా ఆయనకి వినపడదు. టవర్‌కీ ఫోన్‌కీ మధ్య సంగతి కూడా ఇంతే. టవర్ మీది యాంటెన్నా పదుల వాట్లతో మాట్లాడుతుంది. మన 4జీ ఫోన్ గరిష్ఠంగా 0.2 వాట్‌తో మాట్లాడుతుంది. గీతలు చూపించేది టవర్ మాట మనకి ఎంత బాగా వినిపిస్తోందన్నది. మన మాట టవర్‌కి చేరుతోందా లేదా అన్నది అవి చెప్పవు.

గీతల కన్నా నమ్మదగ్గ అంకె ఒకటి ఫోన్‌లోనే ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్ లోకి వెళితే సిగ్నల్ స్ట్రెంగ్త్ అని డీబీఎంలో కనిపిస్తుంది. ఐఫోన్‌లో *3001#12345#* డయల్ చేస్తే ఫీల్డ్ టెస్ట్ తెరుచుకుంటుంది. అంకెలన్నీ మైనస్‌లో ఉంటాయి, సున్నాకి దగ్గరైన కొద్దీ మంచిది. 4జీలో -80 అయితే హాయిగా ఉన్నట్టు. -100 అయితే పని నడుస్తుంది. -110 దాటితే కష్టం. -120 అంటే దాదాపు లేనట్టే. ఇది లాగ్ స్కేల్ కాబట్టి 10 తేడా అంటే పది రెట్లు. నాలుగడుగులు జరిగితే -115 కాస్తా -105 అయిందంటే సిగ్నల్ పది రెట్లు పెరిగినట్టు. ఫోన్ పైకెత్తి గాల్లో ఊపే కన్నా ఈ అంకె చూసుకుంటూ నడవడం చాలా ఉపయోగం. ఒక్కటే గుర్తుంచుకోండి, అంకె మారడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఒక్కో చోట కాసేపు ఆగి చూడాలి.

కొండకి ఈ పక్క, ఆ పక్క

సిగ్నల్‌కి దూరం పెద్ద శత్రువు కాదు, అడ్డమే శత్రువు. భూమి గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఎంత ఎత్తు నుంచి ఎంత దూరం కనిపిస్తుందో ఒక చిన్న లెక్క ఉంది. ఎత్తుని మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. 40 మీటర్ల టవర్‌కి సుమారు 22.6 కిలోమీటర్లు. చేతిలో 1.5 మీటర్ల ఎత్తున ఉన్న ఫోన్‌కి 4.4. రెండూ కలిపితే 27. అంటే మధ్యలో ఏ అడ్డమూ లేని మైదానంలో 27 కిలోమీటర్ల దూరాన ఉన్న టవర్ కూడా ఫోన్‌కి ఎదురుగా ఉన్నట్టే. కానీ కొండ వెనక్కి వెళితే రెండు కిలోమీటర్ల దూరంలోని టవర్ కూడా మాయమైపోతుంది.

దురదృష్టమేంటంటే టెంట్లు వేసే చోట్లన్నీ నీడలోనే ఉంటాయి. గాలి తగలకూడదని లోయలో వేస్తారు, నీళ్ళ కోసం వాగు పక్కన వేస్తారు. గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడి ఫోన్ మాట్లాడినవాడు లోయలోకి దిగగానే కట్ అవుతాడు. టవర్ ఎటూ వెళ్ళలేదు, వాడు రాతి గోడ చాటుకి వెళ్ళాడు.

ఫ్రీక్వెన్సీ కూడా చూడాలి. మన దేశంలో మొబైల్ సిగ్నళ్ళు 700, 850, 900 మెగాహెర్ట్జ్ లాంటి కింది బ్యాండ్లలోనూ, 1800, 2100, 2300 లాంటి మధ్య బ్యాండ్లలోనూ వస్తాయి. 5జీ ఎక్కువగా 3500 దగ్గర ఉంటుంది. కింది బ్యాండ్ల తరంగాలు పొడవైనవి. కొండ అంచు మీద కాస్త ఒంగి కిందికి దిగుతాయి, ఆకుల మధ్య నుంచి దూరిపోతాయి. పై బ్యాండ్లకి వేగం ఎక్కువ కానీ ఓపిక తక్కువ. అందుకే అడవిలో 5జీ ఆన్ చేసి కూర్చుంటే ఫోన్ లేనిదాని కోసం వెతుకుతూ బ్యాటరీ తినేస్తుంది. నెట్‌వర్క్ మోడ్‌ని 4జీకో, మీ సిమ్‌కి 2జీ ఉంటే కాల్స్ కోసం దానికో మార్చుకోవడం మంచిది. జియోకి 2జీ, 3జీ లేవు కాబట్టి ఆ సిమ్ వాళ్ళు 4జీ దగ్గరే ఆగాలి.

ఇంకో మాట. టెంట్ గుడ్డ సిగ్నల్‌ని పెద్దగా ఆపదు. కారు లోపల, రేకుల షెడ్ లోపల మాత్రం ఆపుతుంది. మన ఒళ్ళు కూడా ఆపుతుంది, మనలో ఉన్నది ఎక్కువ నీళ్ళే కదా. ఫోన్‌ని జేబులోంచి తీసి రాయి మీద పెడితే మెసేజ్ వెళ్ళిపోవడం వెనక మాయేమీ లేదు.

ఆరంకెల కథ

ఈ లెక్కలన్నీ నాకు క్లాసులో కన్నా ఒక కొండ మీద బాగా అర్థమయ్యాయి. సెకండియర్‌లో ఆరుగురం పాడేరు దాటి ఇంకాస్త లోపలికి వెళ్ళి టెంట్లు వేసుకున్నాం. సాయంత్రం ఐదున్నరకి మా రూమ్మేట్ ఫోన్‌కి ఎలా దొరికిందో ఒక్క క్షణం సిగ్నల్ దొరికింది. వాళ్ళ చెల్లి పెట్టిన మెసేజ్ వచ్చింది. బీఎస్సీ నర్సింగ్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టడానికి ఆ రోజే ఆఖరు. ఆమె ఊళ్ళో నెట్ సెంటర్‌లో కూర్చుని ఉంది, అది ఎనిమిదింటికి మూసేస్తారు. ఆప్షన్లు సేవ్ చేయాలంటే ఓటీపీ కావాలి. అప్లికేషన్ నింపింది వీడే కాబట్టి ఇచ్చిన నంబర్ వీడిదే. తర్వాత మళ్ళీ సిగ్నల్ పోయింది.

జీపు మాట్లాడుకుని పాడేరు వెళ్ళిపోదామని ఒకడు అన్నాడు. జీపు కింద ఊళ్ళో ఉంది, పైకి రావడానికే గంట. ల్యాప్‌టాప్‌కి హాట్‌స్పాట్ పెట్టి వెబ్‌సైట్ తెరుద్దామని ఇంకొకడు. మా రూమ్మేట్ కాసేపు ఆలోచించి, "వెబ్‌సైట్ ఇక్కడ తెరుచుకోవడం ఎందుకురా? చెల్లి దగ్గర తెరిచే ఉంది కదా. ఇక్కణ్ణుంచి వెళ్ళాల్సింది ఆరంకెలు. అంతే" అన్నాడు.

మా టెంట్ల ఓనర్ అన్న ఆ ఊరి మనిషే. విషయం చెప్తే, "సిగ్నల్ బండ కాడికి ఎక్కండి బాబూ. సిల్వర్ ఓక్ చెట్లు దాటగానే ఉంటాది. మా ఊరోళ్ళందరం అక్కడే మాటాడతాం" అన్నాడు. టార్చ్ పట్టుకుని పావుగంట ఎక్కాం. బండ మీద అప్పటికే ఒక అంగన్‌వాడీ టీచర్ కూర్చుని ఉంది. పిల్లల హాజరు యాప్‌లో ఎక్కించడానికి వచ్చిందట. మమ్మల్ని చూసి, "అక్కడ కూర్చుంటే రాదు తమ్ముడూ, ఈ మూలకి వచ్చి నిలబడు" అని అంగుళంతో సహా చోటు చూపించింది.

టెంట్ దగ్గర -121 ఉన్న అంకె అక్కడ -104 అయింది. తేడా 17, అంటే దాదాపు 50 రెట్లు. ముందు పంపిన ఓటీపీకి గడువు అయిపోయింది. "ఇప్పుడు మళ్ళీ పంపమను, నేను ఇక్కడే నిలబడి ఉన్నా" అని చెల్లికి ఎస్సెమ్మెస్ పెట్టాడు. నిమిషంలో కొత్త ఓటీపీ వచ్చింది. కాల్ చేస్తే మాటలు ముక్కలు ముక్కలుగా వినిపించాయి, ఆరా ఏడా తెలియట్లేదు. అంకెలు టైప్ చేసి ఎస్సెమ్మెస్‌లోనే పంపాడు. ఆరూ యాభైకి "సేవ్ అయింది అన్నయ్యా" అని జవాబు. ఆ అమ్మాయి ఇప్పుడు నర్సింగ్ ఫస్టియర్ చదువుతోంది.

ఆ సాయంత్రం బండ మీద మా ఆరుగురిలో ఎవరి ఫోన్‌లోనూ ఒక్క వెబ్ పేజీ తెరుచుకోలేదు. అయినా పని అయింది. "నెట్ ఉందా?" అని కాకుండా "ఏది కదలాలి, అది ఎంత?" అని వాడు అడిగాడు కాబట్టి.

ఎంత కదలాలి?

ఒక్క గీత మీద సెకనుకి 50 కిలోబిట్లు దొరుకుతున్నాయనుకుందాం. అంటే సుమారు 6 కిలోబైట్లు. ఈ లెక్కన ఏ పనికి ఎంతసేపు?

- ఒక టెక్స్ట్ మెసేజ్, ఒక కిలోబైట్ అనుకుంటే: సెకను లోపు.
- యాప్ కుదించి పంపే ఫోటో, 150 కిలోబైట్లు: 24 సెకన్లు.
- కెమెరా తీసిన అసలు ఫోటో, 4 ఎంబీ: దాదాపు 11 నిమిషాలు.
- అర నిమిషం వీడియో, 15 ఎంబీ: 40 నిమిషాలు.
- వీడియో కాల్: మర్చిపోండి.

పైగా ఇది కాగితం మీద లెక్క. బలహీనమైన సిగ్నల్‌లో ప్యాకెట్లు పోతుంటాయి. కంప్యూటర్ నెట్‌వర్క్స్‌లో చదువుకున్నాం కదా, టీసీపీ జవాబు రాకపోతే ఒక సెకను ఆగి మళ్ళీ పంపుతుంది, అదీ పోతే రెండు సెకన్లు, తర్వాత నాలుగు, ఎనిమిది. అంటే లింక్ ఎంత చెడితే అది అంత మర్యాదగా వెనక్కి తగ్గుతుంది. వెబ్‌సైట్‌కి అంత ఓపిక ఉండదు, సెషన్ అయిపోయిందంటుంది. మెసేజింగ్ యాప్ అలా కాదు. పంపాల్సిన మాటని ఫోన్‌లోనే వరసలో పెట్టుకుని, దారి దొరికినప్పుడు తోసేస్తుంది. అందుకే క్యాంప్ నుంచి ఫారం నింపాలని చూడకండి. ఊళ్ళో ఉన్న ఫ్రెండ్‌కో, ఇంట్లోవాళ్ళకో "ఇది చేసిపెట్టు" అని ఒక మెసేజ్ పెట్టండి. వాళ్ళ దగ్గర నెట్ ఉంది, మన దగ్గర సమాచారం ఉంది. ఓటీపీ మాత్రం సొంత మనుషులకి తప్ప ఎవరికీ చెప్పకండి.

బ్యాక్‌గ్రౌండ్ డేటా ఆపేయడం కూడా ముఖ్యం. దొరికిన 50 కిలోబిట్లనీ ఫోటో బ్యాకప్, యాప్ అప్‌డేట్లు తినేస్తే మీ ఒక్క మెసేజ్‌కి చోటుండదు. డేటా సేవర్ ఆన్ చేసి, పని ఉన్న ఒక్క యాప్‌ని వదిలితే చాలు.

తెలుగు మెసేజ్ ఎంత బరువు?

ఇది మన క్లబ్ వాళ్ళ కోసం. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు, అంటే 1120 బిట్లు. ఇంగ్లిష్ అక్షరానికి 7 బిట్లు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగు అక్షరాలు ఆ పట్టికలో ఉండవు కాబట్టి ఫోన్ 16 బిట్ల యూనికోడ్‌కి మారుతుంది. అప్పుడు పట్టేది 70.

ఆ 70 కూడా మనం లెక్కపెట్టే అక్షరాలు కాదు. "స్త్రీ" మనకి ఒక్క అక్షరం. ఫోన్‌కి స, విరామం, త, విరామం, ర, దీర్ఘం, మొత్తం ఆరు. "క్షేమంగా చేరాం" మన లెక్కలో ఐదు అక్షరాలు, ఫోన్ లెక్కలో మధ్య ఖాళీతో కలిపి 14. అంటే 224 బిట్లు. అదే మాటని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేస్తే 16 అక్షరాలు, 112 బిట్లు. సరిగ్గా సగం. ఇంగ్లిష్ మెసేజ్‌లో ఒక్క తెలుగు అక్షరమో, ఒక్క ఎమోజీయో పెట్టినా మొత్తం మెసేజ్ 16 బిట్లకి మారిపోతుంది. 70 దాటితే మెసేజ్ ముక్కలవుతుంది, అన్ని ముక్కలూ చేరితే గానీ అవతలివాళ్ళకి పూర్తిగా కనిపించదు.

అలాగని తెలుగులో రాయొద్దని కాదు. చిన్నగా రాయమని. మన దగ్గర ఇంటి నుంచి దూరం వెళ్ళినవాళ్ళు కార్డు ముక్క మీద "క్షేమం" అని రాసే అలవాటు ఒకప్పుడు ఉండేది కదా, అదే పద్ధతి.

ఎస్సెమ్మెస్‌లో ఇంకో గొప్పదనం ఉంది. మీ ఫోన్ దొరకకపోతే కంపెనీ సెంటర్ దాన్ని దాచిపెట్టి మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. డేటా అస్సలు నడవని చోట కూడా ఎస్సెమ్మెస్ వచ్చి పడటం అందుకే చూస్తుంటాం.

క్యాంప్ వైఫై ఉంటే?

కొన్ని రిసార్ట్ క్యాంపుల్లో వైఫై ఉంటుంది. ఫోన్‌లో వైఫై నిండా కనిపిస్తుంది, పేజీ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. హాస్టల్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. వైఫై గీతలు చూపించేది రూటర్ వరకు దారిని. రూటర్ వెనక చాలాచోట్ల ఉండేది మన ఫోన్‌లో ఉన్నలాంటి 4జీ సిమ్మే. అది 20 ఎంబీపీఎస్ తెచ్చి, 40 మంది పంచుకుంటే తలకి అర ఎంబీపీఎస్. పైగా వైఫైలో ఒక ఛానల్ మీద ఒకసారి ఒకరే మాట్లాడాలి. దూరంగా, చెట్ల వెనక ఉన్న ఫోన్ నెమ్మదిగా మాట్లాడుతుంది కాబట్టి ఎక్కువ సేపు మైకు పట్టుకుంటుంది. ఆ ఒక్కడి వల్ల మిగతా అందరూ ఆగుతారు.

కాబట్టి రూటర్ దగ్గరికి వెళ్ళి పని చూసుకోండి, అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడో తెల్లవారుజామునో చూసుకోండి. ఫోన్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేసి ఉంటే, టవర్ లేకపోయినా మీ నంబర్‌కి కాల్స్ వైఫై మీదే వస్తాయి. పాస్‌వర్డ్ లేని, పేరు ఎవరూ చెప్పని వైఫై కనిపిస్తే డబ్బు పనులు మాత్రం దాని మీద పెట్టుకోకండి.

వైఫై లేని చోట మనమే ఒకటి చేసుకోవచ్చు. సిగ్నల్ ఉన్న ఎత్తైన చోట ఒక ఫోన్ ఉంచి, హాట్‌స్పాట్ ఆన్ చేసి, కింద ఇంకో ఫోన్ కలపాలి. మధ్యలో అడ్డం లేకపోతే పదుల మీటర్లు అందుతుంది. 5 గిగాహెర్ట్జ్ కన్నా 2.4 గిగాహెర్ట్జ్ దూరం వెళుతుంది, ఆకుల్ని కూడా కాస్త తట్టుకుంటుంది.

వీటి జోలికి వెళ్ళొద్దు

ఆన్‌లైన్‌లో సిగ్నల్ బూస్టర్లు అని అమ్ముతుంటారు. అనుమతి లేకుండా వాటిని అమ్మడం, కొనడం, పెట్టడం మన దేశంలో చట్టవిరుద్ధం. అవి మీకు బాగానే ఉన్నట్టు అనిపించినా టవర్‌లో గోల నింపి మిగతావాళ్ళ కాల్స్ చెడగొడతాయి. విదేశీ వీడియోల్లో చూసి శాటిలైట్ ఫోన్ తెప్పించుకోవాలని కూడా అనుకోకండి. లైసెన్స్ లేకుండా అది దగ్గరున్నా కేసు అవుతుంది, టూరిస్టులు కూడా అరెస్టయ్యారు.

స్టార్‌లింక్ సంగతి అడుగుతారు. పాత తరహా శాటిలైట్లు 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి కాబట్టి ఒక ప్రశ్న వెళ్ళి జవాబు రావడానికి దాదాపు అర సెకను పడుతుంది. స్టార్‌లింక్‌వి సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతాయి కాబట్టి ఆ ఆలస్యం చాలా తక్కువ. మన దేశంలో ఆ కంపెనీకి 2025 జూన్‌లో లైసెన్స్ వచ్చింది. అయినా దాని డిష్‌కి ఆకాశం విశాలంగా కనపడాలి. చెట్ల కింద టెంట్ వేసుకున్నవాడికి అక్కడా చిక్కే.

బయల్దేరే ముందు

ట్రిప్‌కి ముందు రోజు అరగంట చాలు.

ఒకటి, ఆ వారంలో ఆఖరి తేదీ ఉన్న పనులన్నీ రాసుకోండి. ఓటీపీ ఎవరి నంబర్‌కి వస్తుందో కూడా రాసుకోండి. రెండు నంబర్లు ఇచ్చే అవకాశం ఉంటే ఇంట్లో ఉండేవాళ్ళది ఒకటి ఇవ్వండి.

రెండు, మ్యాప్‌లో ఆ ప్రాంతాన్ని ఆఫ్‌లైన్‌కి డౌన్‌లోడ్ చేయండి. జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు. అది శాటిలైట్ల మాట వినడమే తప్ప తిరిగి ఏమీ పంపదు. నెట్ లేకపోతే మొదటిసారి చోటు పట్టుకోవడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే.

మూడు, గ్రూప్‌లో అందరి సిమ్‌లూ ఒకే కంపెనీవి కాకుండా చూసుకోండి. ప్రభుత్వ నిధులతో కట్టిన కొన్ని 4జీ టవర్ల దగ్గర ఒక కంపెనీ టవర్‌ని వేరే కంపెనీ సిమ్‌లు కూడా వాడుకునే ఏర్పాటు 2025 జనవరిలో మొదలైంది. అందుకని నెట్‌వర్క్ సెలక్షన్ ఆటోమేటిక్‌లో, రోమింగ్ ఆన్‌లో ఉంచండి.

నాలుగు, క్యాష్ పట్టుకెళ్ళండి. నెట్ లేకుండా *99# తో యూపీఐ చేసే పద్ధతి ఉంది. మీ సిమ్‌లో అది పనిచేస్తుందో లేదో ఇంట్లోనే నొక్కి చూసుకోండి.

ఐదు, బ్యాటరీ. సిగ్నల్ బలహీనంగా ఉంటే ఫోన్ గొంతు పెంచి అరుస్తుంది, ఇంకో టవర్ కోసం వెతుకుతూ ఉంటుంది. రాత్రంతా అలా వదిలేస్తే తెల్లారేసరికి చార్జింగ్ ఉండదు. పడుకునేటప్పుడు ఏరోప్లేన్ మోడ్ పెట్టి, గ్రూప్‌లో ఒక్క ఫోన్ మాత్రం ఆన్‌లో ఉంచండి. లంబసింగి చలిలో బ్యాటరీ ఇంకా త్వరగా దిగిపోతుంది, ఫోన్‌నీ పవర్ బ్యాంక్‌నీ రగ్గు లోపల పెట్టుకోండి.

ఆరు, "ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ" అని కనిపిస్తే నిరాశపడకండి. మీ కంపెనీ టవర్ లేకపోయినా ఇంకో కంపెనీది అందుతోందని దాని అర్థం. ప్రాణం మీదికి వస్తే 112 ఆ టవర్ మీద నుంచి కూడా వెళుతుంది.

ఏడు, చేరగానే ఆ ఊరివాళ్ళని అడగండి. ఏ యాప్‌కీ తెలియని కవరేజ్ మ్యాప్ వాళ్ళ దగ్గర ఉంటుంది.

బండ రోజూ ఎక్కేవాళ్ళు

ఆ మ్యాప్ వాళ్ళకి ఊరికే రాలేదు. మనకి అది ఒక రాత్రి సరదా. ఆ అంగన్‌వాడీ టీచర్‌కి వారానికి ఆరు సాయంత్రాలు, వర్షాకాలంలో కూడా. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఐదు రాష్ట్రాల్లో మొబైల్ సేవలు లేని 7,287 గ్రామాలకి 4జీ ఇవ్వాలని కేంద్ర కేబినెట్ 2021 నవంబర్‌లో నిర్ణయించింది. దేశం మొత్తం మీద 24,680 గ్రామాల కోసం ఇంకో పథకానికి 2022 జులైలో ఒప్పుకుంది. టవర్లు లేస్తున్నాయి. కానీ టవర్ లేచినంత మాత్రాన కొండ నీడ పోదు. ఊరికి అందిన సిగ్నల్ పొలానికి అందకపోవచ్చు.

ఇక్కడ మన పని ఒకటుంది. రెండు మూడేళ్ళలో మనలో చాలామంది యాప్‌లు రాసే ఉద్యోగాల్లో ఉంటాం. అప్పుడు వాటిని ఫైబర్ ఉన్న ఆఫీసులో కూర్చుని టెస్ట్ చేస్తాం, అన్నీ పరిగెడతాయి. కానీ సబ్మిట్ నొక్కాక లైన్ పోతే నింపినదంతా పోతుందా, ఫోన్‌లో దాచుకుని తర్వాత పంపుతుందా? ఒక హాజరు పంపడానికి నాలుగు ఎంబీల ఫోటో నిజంగా కావాలా, ఆరంకెలు చాలవా? ఓటీపీ గడువు పావుగంట కొండ ఎక్కే మనిషికి సరిపోతుందా? ఈ మూడు ప్రశ్నలకి జవాబు రాసే కోడ్ పెద్ద కష్టమేమీ కాదు. ఒక లోకల్ డేటాబేస్, ఒక క్యూ, మళ్ళీ ప్రయత్నించే ఒక లూప్. మన మినీ ప్రాజెక్టులోనే రాయొచ్చు. రాశాక ఏరోప్లేన్ మోడ్ పెట్టి ఒకసారి నడిపి చూడండి. అప్పుడూ పని అయితే, ఆ యాప్ కోసం ఎవరూ బండ ఎక్కక్కర్లేదు.